నొప్పి మరిచిన కాలు

పోయిన ఆదివారం సూరత్‌లోని మా లింబాయత్‌లో, మేముండే గల్లీ మొదట్లో షామియానా కట్టి షుగర్ పరీక్షల క్యాంపు పెట్టారు. పొద్దున చాయ కూడా తాగకుండా రమ్మన్నారు కనుక పరగడుపున పోయి, నా ముందున్నవాళ్లు అయిపోయేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నా మనవరాలంత వయసున్న ఒక పిల్ల నా వేలు పట్టుకొని సూది గుచ్చి, చుక్క నెత్తురు తీసుకొని, కాగితం నింపుతూ ఇంట్లో ఇంకెవరికైనా ఈ బీమారి ఉందా అని హిందీలో అడిగింది. మా అన్నకు అని చెప్పాను. అయితే ఆయన్ను కూడా తోలుకొని రావాలని, పన్నెండింటి దాకా ఇక్కడే ఉంటామని ఆ పిల్ల ఎంతో మర్యాదగా చెప్పింది. సరే బిడ్డా అని తల ఊపి లేచాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. నేను చెప్పిన తీరే అట్లా ఉంది, లోపలి గదిలో పండుకొని ఉన్న మనిషి గురించి చెప్పినట్టు. ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాక చాలాసేపు లోపలికి పోబుద్ధి కాలేదు. మా అన్న సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని అప్పుడనిపించింది. నా ఈడు వాళ్లు, కాళ్ల మీద పెరిగి కుర్చీల మీద ముసలివాళ్లైన వాళ్లు, దీన్ని ఇంకా బాగా అర్థం చేసుకుంటారని నా నమ్మకం.

మాది మానేరు వాగుకు దగ్గరి ఊళ్లో నేతపని చేసుకునే ఇల్లు. బాపు గుంట మగ్గం మీద కూర్చుంటే, పైన చేతులు నాడెను ఇటునుంచి అటు విసురుతుండేవి, కింద గుంటలో కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి పావకోళ్లు తొక్కుతుండేవి. నేసింది నేసినట్టు మడతపెట్టి మూట కట్టుకొని, వారానికి రెండుసార్లు అంగళ్లకు నడిచిపోయేవాడు. ఒక అంగడి మూడు కోసులైతే ఇంకొకటి ఐదు కోసులు. ఆ మూట సగం దూరం బాపు భుజం మీద, సగం దూరం అన్న భుజం మీద ఉండేది. అన్న నాకంటే ఐదేండ్లు పెద్ద. నేను ఉత్త చేతులతో వెనక వెనక ఉరికేవాణ్ణి, అయినా వాళ్లను అందుకోలేకపోయేవాణ్ణి. ఇంట్లో జొన్న రొట్టె, జొన్న గట్క, పచ్చిపులుసు, దొరికిన కాలంలో దొరికిన ఆకుకూర. తెల్లన్నం అంటే పండుగ. ఒక కరువు ఏడు జొన్నలూ కరువయ్యి అవ్వ, అంటే మా అమ్మ, అంబలిలో నీళ్లు పెంచుకుంటూ పోవడం నాకు ఇప్పటికీ కండ్లకు కడుతుంది. ఆ ఏడు మాలో ఎవరికీ రోగం రాలేదని చెప్పను. కడుపులు కాలిన మాటే నిజం. ఆ రోజులు మంచివని అనడానికి నాకు నోరు రాదు. తిండి లేక చచ్చినవాళ్లను కూడా చూసినవాణ్ణి.

కానీ అన్న కాళ్లను మాత్రం మీకు చెప్పాలి. వెడల్పాటి పాదాలు, వేళ్లు దూరదూరంగా విప్పుకొని, మడమలు చెక్కలా పగిలి ఉండేవి. ఆయనకు చెప్పులు మీసాలొచ్చిన తర్వాతనే వచ్చాయి. అంగడి దారిలో ముల్లు గుచ్చుకుంటే ఒంటికాలి మీద నిలబడి, కిందికి చూడకుండానే ఇది తుమ్మ ముల్లు, ఇది రేగు ముల్లు, ఇది పల్లేరు కాయ అని చెప్పేవాడు. పెరికి చూస్తే సరిగ్గా అదే ఉండేది. నేను కండ్లు మూసుకోమని చెప్పి, ముల్లు మార్చి మార్చి ఆయన అరికాలికి ఆనించి పరీక్ష చేసేవాణ్ణి. ఎన్నడూ తప్పలేదు. తేడా ఎట్లా తెలుస్తుందని అడిగితే, ఒక్కొక్క ముల్లు నొప్పి ఒక్కొక్క తీరుగా ఉంటుంది కదా అని నా తెలివితక్కువకు నవ్వేవాడు.

బాపు మగ్గం బంద్ పడ్డాక అన్న మొదట సూరత్ వచ్చాడు, రెండేండ్లకు నన్ను పిలిపించుకున్నాడు. ఇక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు, సాంచెలు నడిచే షెడ్డును ఖాతా అంటారు. రెండు వరుసల సాంచెల నడుమ మనిషి పక్కకు తిరిగితేనే పట్టేంత జాగాలో, పన్నెండు గంటల పాలి, అంటే షిఫ్టు, నిలబడే ఉండాలి. నడకంటే నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. చప్పుడుకు చెవులు బరువెక్కి, కండ్లు మూతలు పడకుండా ఉండాలని గంటగంటకూ చాయ తాగేవాళ్లం, నాలుగు గుక్కల చాయ, అందులో చెంచా నిలబడేంత చక్కెర. పొద్దున పావ్, పగలు భజియా, సాయంత్రం గాంఠియా, ఇంటికొస్తే రేషన్ బియ్యపు తెల్లన్నం కుప్పగా. మా అవ్వ బతికి ఉండగా మమ్మల్ని చూడటానికి ఒక్కసారి సూరత్ వచ్చినప్పుడు, రెండు పూటలా తెల్లన్నం తింటున్న కొడుకులను చూసి పక్కింటివాళ్లను పిలిచి మరీ చెప్పుకున్నది. మేమూ గర్వపడ్డాం. గర్వపడకుండా ఎట్లా ఉంటాం?

కొన్నేండ్లకు అన్న మాస్టరయ్యాడు. సాంచెలు చెడితే సరిచేయడం, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో చూడటం ఆయన పని. సేటు ఒక కుర్చీ ఇచ్చాడు. ఆ కుర్చీ ఇచ్చిన రోజు వదిన పాయసం వండింది. ఇక అక్కణ్ణించి అన్నకు కడుపు పెరిగింది, మెడ నిండింది, ఊరికి పోతే అందరూ ఒళ్లు చేసిండని మెచ్చుకున్నారు. కండ్లు మసకబారుతున్నాయని అద్దాల కోసం డాక్టరు దగ్గరికి పోతేనే షుగర్ సంగతి బయటపడింది. అప్పటికే అది చాలా ఏండ్ల పాతదని డాక్టరు చెప్పాడట.

అన్నకు ఒక్కతే బిడ్డ. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, అప్పట్లో నర్సింగు చదువుతుండేది. ఒకనాడు సాయంత్రం మేమందరం చాపల మీద కూర్చొని ఉండగా, ఈ బీమారి నాకెందుకొచ్చె, నేనేం పాపం చేస్తి అని అన్న అంటుంటే, ఆ పిల్ల తన కాలేజీలో విన్న సంగతి వాళ్ల నాయనకు విడమరిచి చెప్పింది. వేల ఏండ్లు మనిషి తిండి కోసం దినమంతా నడిచినవాడేనట, దొరికిననాడు తిని, దొరకనినాడు పస్తున్నవాడేనట. అందుకే తిన్న ప్రతి ముద్దలో కొంత దాచిపెట్టుకోవడం ఒంటికి అలవాటైందట. దాచుకోగలిగినవాళ్లే కరువులు దాటి బతికారట, వాళ్ల పిల్లలమే మనం. ఆ గుణం అంత తొందరగా మారదట. ఇప్పుడు కరువు లేదు, నడక లేదు, కానీ ఒళ్లు మాత్రం రేపు కరువు రాబోతున్నదని దాస్తూనే ఉంది. నేను ఇప్పుడు పుస్తకం భాషలో రాస్తున్నాను గానీ ఆ పిల్ల చెప్పింది ఇట్లా కాదు.

"బాపూ, నీ బాడీ గల్తీ ఏం లేదే. అది పురానా బాడీ. నువ్వు సూరత్ వచ్చినవ్, అది ఇంకా రాలే."

"అయితే దానికి గూడ ఒక టికెట్ తియ్యాల్నా?" అన్నాడు అన్న. అందరం పడీపడీ నవ్వాం. వదిన అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఆ నవ్వులోనే ఆ పిల్ల చెప్పిన మిగతా మాట కొట్టుకుపోయింది. రోజూ సాయంత్రం కాళ్లు కడుక్కొని, అరికాళ్లు అద్దంలో చూసుకోవాలని, ఈ బీమారి మొదట కాలి నరాలను తింటుందని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. అన్న నాలుగు నెలలు గోళీలు వేసుకుంటే రెండు నెలలు మానేసేవాడు. ఒకసారి ఖాతాలో ఇనుప ముక్క చెప్పును చీల్చి అరికాలిలోకి దిగితే ఇంటికి వచ్చేదాకా ఆయనకు తెలియనే లేదు. అది మాకు ముచ్చటగా చెప్పాడు, ఇప్పుడు ఏం గుచ్చినా తెలుస్తలేదు, సూరత్‌ల తోలు గట్టిపడ్డది అని. ముల్లు పేరు చూడకుండా చెప్పిన మనిషి ఆ మాట అంటుంటే నాకెందుకు చురుక్కుమనలేదో, ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఇక ఆ మహమ్మారి మొదటి ఏడు. సాంచెలన్నీ ఒక్కరోజున ఆగిపోయినప్పుడు మా చెవులకు అది మొదట సుఖంగా ఉండె, మూడో రోజుకు భయమయ్యింది. అంత నిశ్శబ్దం లింబాయత్‌లో మేమెన్నడూ వినలేదు. అన్న గుమ్మంలో కూర్చునేవాడు, లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు. ఆయన మనసంతా పక్క బస్తీ నవాగామ్‌లో ఉండె. మా వైపు ఊళ్ల నుంచి ఆయనే తెచ్చి పనిలో పెట్టిన ఆరుగురు పిల్లగాండ్లు అక్కడ ఒక్క గదిలో ఉండేవాళ్లు. వండిన అన్నం పంచేచోట గంటలకొద్దీ నిలబడి వాళ్లు విసిగిపోయారు. పదిహేను రోజులు చూసి, నడిచి ఊరికి పోతామని ఫోన్ చేశారు. మీరు పోతే దారి తెల్వక చస్తర్రా, నేనూ వస్తున్న, ఆగుండ్రి అన్నాడు అన్న. ఆ పిల్లగాండ్ల తల్లులకు ఆయన ఇంటింటికీ పోయి మాట ఇచ్చినవాడు.

వదిన ఏడ్చింది, తిట్టింది, చెప్పులు దాచిపెట్టింది. బిడ్డ అప్పటికి పెద్ద దవాఖానలో నర్సు. మాకు అంటకుండా ఉండాలని ఇంటికి రాకుండా అక్కడి హాస్టల్లోనే ఉండేది. ఫోన్లో ఆ పిల్ల పోవద్దని బతిమాలింది: "బాపూ, మత్ జా. నీ కాళ్లు చూసుకోవే." అన్న మాత్రం, ఐదు కోసులు మూట మోసుకొని నడిచిన కాళ్లే ఇవి అని నవ్వాడు. అరవై ఆరేండ్ల మనిషిని ఒంటరిగా పంపడం చేతకాక నేనూ బయల్దేరాను. ఇప్పుడు చెప్పేది నా చేతుల్తో నేను చేసిన పని. వదిన దాచిన చెప్పులు దొరకలేదు. దొరికినా ఎండకు కాలిన డాంబరు మీద చెప్పులు పనికిరావని, నా పెట్టెలో ఉన్న బూట్లు తీసి అన్నకిచ్చాను. మా అల్లుడు కొనిచ్చినవి, ఎక్కువ వేసుకోలేదు, గట్టిగా ఉండె. నేను పాతవి వేసుకొని కొత్తవి అన్నకిచ్చానని లోలోపల సంతోషపడ్డాను కూడా. ఆయన పాదం నా పాదం కంటే వెడల్పు. మడమ లోపలికి దిగడానికి రెండుసార్లు నేల మీద తన్నుకున్నాడు. బిగుతా అన్నా అని అడిగాను. లేదు తమ్మీ, పువ్వులెక్కున్నయ్ అన్నాడు.

తెల్లవారకముందే నవాగామ్ చేరి, పిల్లగాండ్లను కలుపుకొని, ఎండ ఎక్కేసరికి కడోదరా దాటాం. పెద్ద రోడ్డు మీద మా లాంటివాళ్లే గుంపులు గుంపులుగా, సంచులు నెత్తిన పెట్టుకొని, అందరి ముఖాలూ ఊళ్లవైపు. బార్డోలీ దారిలో రెండు దిక్కులా చెరకు తోటలు. దుఃఖంలో ఉన్న జనం నడుమ ఇట్లా అనవచ్చో అనకూడదో గానీ, ఆ మొదటి రోజు మా అన్న ముఖంలో చూసిన సంతోషం నేను ఇరవై ఏండ్లుగా చూడలేదు. ఇరవై ఏండ్ల పిల్లగాండ్లు వెనకబడుతుంటే ఆయన ముందు నడుస్తూ, చేతులూపుతూ, బాపు మూట భుజం మార్చుకునే తీరు వాళ్లకు చేసి చూపించాడు. సాయంత్రం ఒక బడి వరండాలో గుప్పెడు గుప్పెడు పుట్నాలు తిని, నీళ్లు తాగి కూర్చున్నప్పుడు, "ఒళ్లు తేలికైంది తమ్మీ. ఇన్నేండ్లు నేను ఎవలదో ఒళ్లు మోసినట్టున్న" అన్నాడు. ఆ మాటకు నేను నిజంగానే అనుకున్నాను, ఈ నడక ఆయన బీమారిని కడిగేస్తుందేమోనని. ఎక్కడో ఆగిపోయిన ఆయన పాత ఒళ్లు వచ్చి ఆయన్ను కలుసుకున్నట్టు ఉండె. బూట్లు విప్పమంటే, విప్పితే ఉబ్బి మళ్లీ ఎక్కవు అని అట్లాగే ఒరిగాడు. రెండో రోజు కూడా విప్పలేదు.

మూడో రోజు పగలు వ్యారా దాటాక ఆదివాసీ ఊళ్లు మొదలయ్యాయి. రోడ్డుకు కొంచెం ఎడంగా ఒక ఇంటి ముందు ముసలామె నిలబడి, వచ్చే పోయేవాళ్లకు కుండ నీళ్లు పోస్తుండె. మమ్మల్ని చూసి చింతచెట్టు నీడలో కూర్చోమని సైగ చేసి, లోపలికి పోయి రొట్టెలు తెచ్చింది. చేత్తో కొట్టిన జొన్న రొట్టెలు, మా అవ్వ చేసినంత మందం. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకు రాదు. అన్న రొట్టె తుంచి నోట్లో పెట్టుకొని నమలడం ఆపేశాడు. ఆయన కండ్ల నుంచి నీళ్లు కారుతుంటే, ఆమె కారం ఎక్కువైందేమోనని ఆదరబాదరగా మజ్జిగ తెచ్చింది. ముప్పై ఏండ్లు ఆయన జొన్న రొట్టె ముట్టలేదు. మాకది లేనివాళ్ల తిండి.

తిన్న తర్వాత ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లు కడుక్కోమని చూపించింది. పెద్దామె మాట కాదనలేక అన్న బూట్లు విప్పాడు. ఎడమ బూటు రాలేదు. నేను కూర్చొని, మడమ పట్టుకొని లాగాను. మేజోడు మొత్తం ముదురు ఎరుపు, సగం ఎండిపోయి, సగం తడిగా ఉంది. బూటు తిరగేస్తే నెత్తురుతో పాటు కంది గింజంత రాయి ఒకటి రాలింది. బొటనవేలి మొదట్లో తోలు లేదు, లోపల తెల్లగా ఏదో కనిపించింది. అన్న వంగి, ఆ మేజోడును చూసి, నిజంగానే అర్థం కాక నన్ను అడిగాడు.

"ఎవలదిరా గీ నెత్తురు?"

ముసలామె పసుపు తెచ్చి అద్దుతుంటే ఆయన కొంచెమైనా చేయి బిగించలేదు, పండ్లు కొరకలేదు. వేరొకరి కాలికి వైద్యం జరుగుతుంటే చూసినట్టు చూశాడు. ఆ నెత్తురు తనదేనని అప్పుడు ఆయనకు తెలిసింది. ముఖంలో రంగు దిగిపోయింది. పిల్లగాండ్లలో అందరికంటే ఎత్తయినవాడు ఆయన్ను వీపు మీద ఎత్తుకొని రోడ్డు దాకా మోసుకొచ్చాడు. మాస్టర్ ఏం గాదు, ఏం గాదు అంటూ వాడే ఏడుస్తున్నాడు. అంబులెన్సు వచ్చి మమ్మల్నిద్దరినీ వెనక్కి తెచ్చింది. పిల్లగాండ్లను ముందు ఊళ్లో ఒక బడిలో ఉంచి, కొన్నాళ్లకు బస్సుల్లో పంపారు. ఆరుగురూ క్షేమంగా తల్లుల దగ్గరికి చేరారని తెలిసిన రోజు అన్న దవాఖాన మంచం మీద ఉండి చేతులెత్తి దండం పెట్టాడు.

మొదట రెండు వేళ్లు తీశారు. చీము పైకి పాకితే మోకాలి కింది దాకా తీశారు. చేయి మంచిదైన డాక్టరే. షుగర్ ఏండ్ల తరబడి ఎక్కువుండి నొప్పి తెలిపే నరాలు ఎప్పుడో చచ్చిపోయాయని, మామూలు మనిషైతే పది అడుగుల్లో బూటు విప్పి రాయి పారేసేవాడని నాకు నెమ్మదిగా చెప్పాడు. మూడు రోజుల నడక, ప్రతి అడుగు నేను పక్కనే ఉన్నాను.

ఆ తర్వాత ఒక ఏడాది అన్న ఇంట్లోనే. గోడకు ఆనుకొని ఎంతసేపు కూర్చున్నా ఆయనకు పొద్దుపోయేది కాదు. ఇప్పుడు చెప్పేది మీకు వింతగా ఉంటుంది. కాలు ఉన్నన్నాళ్లూ తెలియని నొప్పి, కాలు తీసేశాక మొదలైంది. లేని పాదం మండుతుందనేవాడు, లేని వేళ్లు వంకర్లు పోతున్నాయనేవాడు. కొందరికి అట్లా అవుతుందని, నరాలు దెబ్బతిన్నాక పోయిన అవయవపు గుర్తే నొప్పి చేస్తుందని బిడ్డ చెప్పింది. ఒకనాడు మధ్యాహ్నం నేను పోయేసరికి కండ్లు మూసుకొని ఉన్నాడు. పెదవుల మీద చిన్న నవ్వు ఉంది.

"తమ్మీ, రేగు ముల్లు," అన్నాడు. "మడిమెల. గట్టిగ తెలుస్తున్నది."

అక్కడ దుప్పటి మాత్రమే ఉంది. నేను ఆ ఖాళీ జాగా వైపు చూస్తూ ఉండలేక, ఆ రోజే బయటపెట్టాను, ఆ బూట్లు నీకు బిగుతని నాకు తెలుసు అన్నా, నువ్వు మడమ తన్నుకుంటుంటే చూసిన, అయినా ఊకున్న అని. ఏడాదిగా గొంతులో పెట్టుకున్న మాట. అన్న కండ్లు తెరవకుండానే నా చేయి వెతికి పట్టుకున్నాడు.

"జోళ్లు ఏం జేసినయ్‌రా? కాలు ఎప్పుడో పాయె. నేనే చూసుకోలే. బిడ్డ చెప్తనే ఉండె." కొంచెం ఆగి, "గా మొదటి దినం మాత్రం మంచిగుండె గదా," అన్నాడు.

రెండో విడత మహమ్మారి మా గల్లీలో ఇల్లు వదలకుండా వచ్చింది. నాకు, నా ఇంటామెకు జ్వరమొచ్చి పోయింది. వదినకు వాసన పోయింది. అన్నకు ఊపిరి అందలేదు. షుగర్ ఉన్నవాళ్ల మీద అది ఎక్కువ పగబట్టినట్టు ఉండె. బిడ్డ పనిచేసే దవాఖానలోనే మంచం దొరికింది. తలనుంచి కాళ్ల దాకా తెల్ల ముసుగులో ఉన్న నర్సుల్లో తన బిడ్డ ఎవరో అన్నకు తెలిసేది కాదట. అందుకని ఆ పిల్ల తన ముసుగు మీద ఎద దగ్గర పెన్నుతో తెలుగులో 'బిడ్డ' అని రాసుకున్నది. ఆ మాట మిగతావాళ్లెవరికీ చదవరాదు. ఆరు రోజులు ఆమె చేతులతోనే నీళ్లు తాగాడు, జావ తాగాడు. ఏడో రోజు ఫోన్ చేసి, కాకా, బాపు పాయె అని రెండే మాటలు చెప్పి, డ్యూటీ అయిపోయేదాకా మళ్లీ పని చేసింది. మాకు ఆయన ముఖం చూపించలేదు. చూపించే కాలం కాదు. దూరం నుంచి సంచిలో చుట్టిన ఆకారాన్ని చూసినప్పుడు అది నాకు చాలా పొట్టిగా కనిపించింది.

ఇదంతా జరిగి ఇప్పుడు కొన్నేండ్లయింది. సాంచెలు మళ్లీ నడుస్తున్నాయి. కొత్త మిషన్లకు మునుపటంత మంది మనుషులు కూడా అక్కరలేదు. మా ఖాతాలో నాకు తెలిసిన నలభై దాటిన మొగవాళ్లలో జేబులో గోళీలు లేనివాడు అరుదు. వాళ్ల తాతలు కూడా బాపులాగానే నడిచినవాళ్లే, గట్క తిన్నవాళ్లే. అన్నం దొరకదని భయపడి ఇక్కడికి వచ్చాం. అన్నం దొరికింది. ఇప్పుడు ఆ అన్నాన్ని చూసే భయపడుతున్నాం. ఎవరిని తప్పు పట్టాలో తెలియదు. ఆకలితో ఉన్న పిల్లలకు కడుపునిండా పెట్టాలనుకున్న మా అవ్వను తప్పు పట్టనా, తెల్లన్నం రుచి మరిగిన మా నాలుకలను తప్పు పట్టనా, రేపటి కరువుకు భయపడుతూ దాచుకుంటూ ఉన్న ఈ అమాయకపు ఒళ్లును తప్పు పట్టనా?

పోయిన నెల, అన్నను వీపు మీద మోసిన ఆ ఎత్తు పిల్లగాడు మళ్లీ సూరత్ వచ్చి పనిలో చేరి, పెండ్లాన్నీ చిన్న బిడ్డనూ తీసుకొని వదినను చూడటానికి వచ్చాడు. మనిషి బాగా లావయ్యాడు. వదిన పొద్దుటి నుంచి వండింది. పక్కన కూర్చొని వడ్డించింది. వదిన చేతి వడ్డన మా వాళ్లందరికీ తెలుసు. చాలు అని విస్తరి మీద చేయి అడ్డం పెడితే ఆ చేతి మీదనే గరిటె బోర్లించేది, తినకుండా లేస్తే అలిగేది, అట్లా తినబెట్టడమే ఆమెకు తెలిసిన ప్రేమ. వదిన రెండోసారి అన్నం తేగానే ఆ పిల్లగాడు చాలు చిన్నమ్మా అని చేయి అడ్డం పెట్టాడు. వదిన గరిటె గాలిలో ఒక్క క్షణం ఆగింది. వాడి ముఖం చూసింది, వాడి కడుపు చూసింది. గరిటెను వెనక్కి తీసుకొని, గిన్నె మీద మూత పెట్టింది.